పులుసన్నంలోకి రీస్లింగ్

నా జేబులో ఉన్న కార్డు మీద ఫొటో నాదే, పేరూ నాదే. కానీ నేను ఈ దేశంలో ఉండటానికి కారణం నేను కాదు, నా భార్య. ఆమె ఇక్కడ విశ్వవిద్యాలయంలో మొక్కల వేర్ల మీద పరిశోధన చేస్తుంది. ఆమె ఉద్యోగం ఉన్నన్నాళ్ళు నేనూ ఉంటాను. ఆ కార్డు చూపించి లైబ్రరీలో పేరు నమోదు చేసుకున్నాను, బ్యాంకులో ఖాతా తెరిచాను, ఫోన్ కనెక్షన్ తీసుకున్నాను. పని మాత్రం చెయ్యకూడదు. ఎవరైనా యజమాని నా పేరు మీద పనికోసం వేరే పాస్ తీయిస్తే తప్ప ఎక్కడా గంటసేపు కూడా పనిచెయ్యడానికి లేదు. ఊరికే సాయం చేస్తానన్నా కుదరదు.

పెళ్ళికి ముందు నేను బాపట్లలో ఎరువుల కొట్లో పనిచేసేవాణ్ణి. డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. పెళ్ళిచూపుల్లో నా భార్య, "ఏం చదువుకున్నారు?" అని అడగలేదు, "ఏం చదువుతుంటారు?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో నేను ఆమె వెనకాల ఎక్కడికైనా వెళ్ళొచ్చు అనుకున్నాను. అలాగే వచ్చాను.

మా ఫ్లాటు హౌగాంగ్ అనే పేటలో తొమ్మిదో అంతస్తు. పొద్దున ఆమె బాక్సు సర్ది పంపించాక ఇల్లు నాది. ఊడ్చి, బట్టలు వెదురు గెడలకి తొడిగి కిటికీ బయటికి చాపితే ఇక చెయ్యడానికేం ఉండదు. ఎదురుగా ఇంకో బ్లాకు, దాని వెనక ఇంకోటి. అన్ని కిటికీల్లోనూ అవే గెడలు. తలుపు నేనే వేసుకుంటాను, నేనే తీసుకుంటాను, బయట ఎవరూ తాళం పెట్టలేదు. రైలెక్కితే ఈ దీవిలో ఏ మూలకైనా వెళ్ళొచ్చు. వెళ్ళేవాణ్ణి కూడా. చివరి స్టేషన్ దాకా వెళ్ళి, అదే రైల్లో కూర్చుని వెనక్కి వచ్చేవాణ్ణి. సాయంత్రం ఆమె అడిగితే బయటికెళ్ళానని చెప్పేవాణ్ణి. ఎక్కడికని ఆమె అడిగేది కాదు.

తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కలిసినప్పుడు మగవాళ్ళు నన్ను పలకరించే మాట ఒకటే, "ఏం బ్రదర్, ఇవాళ మెనూ ఏంటి?" నవ్వుతూనే అడుగుతారు, నేనూ నవ్వుతూనే చెప్తాను. కాకపోతే వాళ్ళు ఆఫీసు మాటల్లో పడ్డాక నేను లేచి వంటింట్లోకి వెళ్తే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు.

నన్ను కాపాడింది లైబ్రరీ. మా పేటలో షాపింగ్ మాల్‌లోనే ఉంది. చిన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో అట్టలు ఊడిన పుస్తకాలు తాళం వేసిన బీరువాలో ఉండేవి. తాళంచెవి ఉన్నాయన వస్తే వచ్చినట్టు. ఇక్కడ తాళం లేదు, అడిగేవాడు లేడు. కావలసింది మన లైబ్రరీలో లేకపోతే ఊరికి ఆ చివరనుంచి తెప్పించి పెడతారు. నేను ఇంగ్లీషు పుస్తకాలు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. ఇప్పుడు డిక్షనరీ అక్కర్లేదు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కాలేజీ చదువు చదివినవాళ్ళకి వాళ్ళ కాలేజీ పేరు ఉన్నట్టే నాకు నా అరల నంబర్లు ఉన్నాయి.

వంటల పుస్తకాలకి ఆరువందల నలభై ఒకటి. ఆ నంబరులో ముందు పానీయాలు వస్తాయి, తరవాత వంటలు. నేను వంటల కోసం వెళ్ళి పక్కనున్న పానీయాల దగ్గర ఆగిపోయాను. టీ చదివాను, కాఫీ చదివాను, తరవాత వైన్. అందులో రీస్లింగ్ అనే తెల్లద్రాక్ష దగ్గర కూర్చుండిపోయాను.

జర్మనీలో మోజెల్ అని ఒక నది ఉంది. దాని ఒడ్డున ద్రాక్షతోటలు గోడకి ఆనించిన నిచ్చెనల్లా నిటారుగా ఉంటాయి. కొన్నిచోట్ల యంత్రం ఎక్కలేదు, మనిషి నడుముకి తాడు కట్టుకుని పనిచెయ్యాలి. నేలంతా పలకరాయి. పగలు పట్టుకున్న ఎండని ఆ రాళ్ళు చీకటి పడ్డాక మెల్లగా వదులుతాయి. ఆ చలిదేశంలో ఆ వేడితోనే కాయ పండుతుంది. పండినా దాని పులుపు పోదు. రీస్లింగ్ గొప్పతనమంతా ఆ పులుపులోనే ఉంది. సీసా మీద ట్రోకెన్ అని రాసుంటే, పండులోని చక్కెర పులిసి, చెప్పుకోదగ్గ తీపి మిగల్లేదని అర్థం. జర్మన్ తెల్లవైన్ అనగానే తియ్యగా ఉంటుందనుకునేవాళ్ళే ఎక్కువ. ట్రోకెన్ తియ్యగా ఉండదు. నిమ్మతొక్క, పచ్చి యాపిల్, వాన పడ్డ రాయి వాసన అని పుస్తకాల్లో ఉంటుంది.

ఇదంతా చపాతీలు కాలుస్తూ నా భార్యకి చెప్పాను. ఆమెకి పట్టింది వేర్ల సంగతి.

"పలకల సందుల్లోంచి వేర్లు ఎంత లోతుకి వెళ్తాయంట?" అంది.

చెప్పాను. ఆమె, "పైన నీళ్ళు దొరక్కపోతే కిందికే పోతాయి, ఇంకో దారేముంది," అంది. తరవాత నా మొహం చూసి చపాతీ తుంచుకుంది.

తంజోంగ్ పగార్‌లో పాత రెండంతస్తుల షాపుల వరసలో ఆ వైన్ షాపు నాకు రైలు తిరుగుళ్ళలోనే కనబడింది. అద్దంలో పొడవాటి మెడల ఆకుపచ్చ సీసాలు. ఆ ఆకారం పుస్తకంలో చూసిందే. లోపల జుట్టు మగవాళ్ళంత పొట్టిగా కత్తిరించుకున్న చైనీస్ ఆంటీ, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. షాపు ఆమెదే. ముప్ఫై ఏళ్ళుగా జర్మనీ నుంచి తెప్పిస్తోందట. ఏం కావాలంది. ఊరికే చూస్తానన్నాను. ఏం చూస్తావంది. ఒక సీసా మీది చీటీ చదివి, ఇది ఏ ఊరి తోటో, ట్రోకెన్ అని ఎందుకు రాశారో చెప్పాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూసి, ఎక్కడ పనిచేస్తావంది. ఎక్కడా లేదన్నాను. ఎక్కడ నేర్చుకున్నావంది. లైబ్రరీలో అన్నాను. ఆమె నవ్వలేదు. నాకు ఆమె మీద గౌరవం అక్కడే మొదలైంది.

ఆ తరవాత వారంలో ఒకటి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. ఎవరికైనా రుచి చూపించడానికి తెరిచిన సీసాలో మిగిలితే నాకు ఓ గుక్క పోసేది. ఉప్పు బిస్కెట్టుతో ఒకసారి, మేకపాల చీజ్‌తో ఒకసారి, ఎదుటి హాకర్ సెంటర్ తిండికొట్ల నుంచి తెప్పించిన వేయించిన చేపతో ఒకసారి. కౌంటరుకి ఒక పక్క పైకెత్తే చెక్క ఉండేది. లోపలికి వెళ్ళాలంటే అది ఎత్తుకుని వెళ్ళాలి. ఒకరోజు ఆమె నిచ్చెన మీద ఉంటే కింద పెట్టె అందిద్దామని నేను ఆ చెక్క మీద చెయ్యి వేశాను.

"నో, నో. నువ్వు అటే ఉండు," అంది ఆంటీ. "నీ కార్డుతో ఇటు వస్తే నీకూ కష్టం, నాకూ ఫైను లా." మాట చివర ఆ "లా" ఇక్కడివాళ్ళ అలవాటు.

నేను ఇవతలే ఉండి చూశాను. ఆమె నిచ్చెన దిగి, పెట్టె తనే ఎత్తుకుని, మళ్ళీ ఎక్కింది.

షాపులో సీసాలు ఇళ్ళకి చేరవేసే మలేషియా అతను మానేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోయినప్పుడు అసలు కథ మొదలైంది. అంత చిన్న షాపుకి బయటి దేశంవాళ్ళని పెట్టుకోవడానికి ఒక్క చోటే ఉందట. ఆ చోటు ఖాళీ అయింది. ఆంటీ నాతో దాచకుండా చెప్పింది. వ్యాను నడిపేవాణ్ణి పెట్టుకుంటే పని గడుస్తుంది. నన్ను పెట్టుకోవాలంటే నావల్ల కొత్త కొనుగోలుదార్లు రావాలి. ఇండియన్లు ఈ ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, మంచి ఉద్యోగాల్లో ఉన్నారు, తన షాపు గుమ్మం ఎక్కేవాళ్ళు లేరు. ట్రోకెన్ రీస్లింగ్ మీ తిండికి సరిపోతుందని నువ్వే అంటున్నావుగా, నాకు చూపించు. మీవాళ్ళని పిలువు, సీసాలు నేనిస్తాను, నేనూ వస్తాను. వాళ్ళు కొనేట్టుంటే నీ పాస్‌కి దరఖాస్తు పెడతాను. "కెన్?" అంది, చెయ్యగలవా అని.

"కెన్," అన్నాను.

ఇంటికొచ్చి చెప్తే నా భార్య ల్యాప్‌టాప్ మూసింది. సంతోషపడింది. కాసేపయ్యాక మాత్రం నెమ్మదిగా ఒక మాట అడిగింది.

"నీకు వైన్ కావాలా, నా కార్డులోంచి బయటపడటం కావాలా?"

రెండూ ఒకటేగా అన్నాను. కాదేమో అంది. నేను అన్నం వార్చే పనిలో ఉన్నట్టు నటించాను.

భోజనానికి ఏం వండాలో ఆలోచించినన్ని రోజులూ నా జీవితం వెడల్పయింది. పుస్తకాలన్నీ మళ్ళీ తెప్పించాను. పుల్లటి వంటకానికి పులుపున్న వైనే కావాలి, లేకపోతే వైన్ నీళ్ళలా చప్పబడిపోతుంది. అంటే చింతపండు దగ్గర నిలబడగలిగింది రీస్లింగే. ఎక్కువ కారం పడితే వైన్‌లోని ఆల్కహాల్ మంట పెరుగుతుంది, అందుకని కారం తగ్గించాలి. కొవ్వుంటే పులుపు దాన్ని కడుగుతుంది, అందుకని నెయ్యి పోసిన ముద్దపప్పు ఉండాలి. మార్కెట్‌లో వంజరం చేప బేరమాడి తెచ్చాను. చేపల పులుసు, ముద్దపప్పు, పాలు పోసి వండిన బీరకాయ. పులుసు ముందురోజే పెట్టాను, మర్నాటికి ముక్కకి పులుపు పడుతుందని. నాలుక శుభ్రంగా ఉండాలి కాబట్టి ముందు ఏమీ పెట్టకూడదని, వైన్ నేరుగా భోజనంతోనే మొదలవ్వాలని నిర్ణయించాను. నా దృష్టిలో అది చాలా శాస్త్రీయమైన ఏర్పాటు.

ఆదివారం మధ్యాహ్నం మూడు కుటుంబాలవాళ్ళు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన తువాస్‌లో ఓడల యార్డులో సూపర్‌వైజరుగా చేసి ఇక్కడే స్థిరపడిన మనిషి. అందరికీ అంకుల్. ఆయన బాగుందంటే పది ఇళ్ళల్లో బాగుంటుంది. అందుకే ఆయన్ని పిలిచాను. మిగతా ఇద్దరు మగవాళ్ళు సాఫ్ట్‌వేర్. బల్ల మీద కంచాలు, కంచాల పక్కన ఆంటీ అరువిచ్చిన, సన్నటి కాడలున్న వైన్ గ్లాసులు, మంచుగడ్డల్లో సీసాలు. చూడటానికి పుస్తకంలో బొమ్మలా ఉంది.

షాపు ఆంటీ సరిగ్గా చెప్పిన వేళకే వచ్చింది. చెప్పులు విప్పి ఆమె హాల్లోకి అడుగు పెట్టిందో లేదో, అంకుల్ గారి భార్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, ఆడవాళ్ళంతా లోపల ఉన్నారు రండని పడగ్గదిలోకి తీసుకెళ్ళిపోయింది. నేను అడ్డం పడేలోపు ఆమె మంచం మీద పిల్లల మధ్య కూర్చుని ఉంది. ఎవరో చేతిలో మామిడిరసం పెట్టారు. ముప్ఫై ఏళ్ళుగా వైన్ అమ్ముతున్న మనిషి ఆ గ్లాసు పట్టుకుని నా వైపు చూసింది. ఇక్కడి ఆచారం ఏదో ఉందనుకుని మర్యాదగా తాగింది.

హాల్లో మగవాళ్ళు ముగ్గురూ భోజనాల బల్ల దగ్గరికి రాలేదు. సోఫాలో కూర్చున్నారు. అంకుల్ నాలుగు పక్కలా చూసి, "అబ్బాయ్, స్టఫ్ ఏదీ?" అన్నాడు.

స్టఫ్ అంటే మందులోకి నంజుకునేవి. వేరుశెనగ గుళ్ళలో ఉల్లిపాయ తరుగు, మిరియాలు చల్లిన గుడ్లు, కోడి వేపుడు. ఇవాళ అవేం లేవని, వైన్ అన్నంతో పాటేనని చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. అర్థం కానట్టు కూడా అనిపించలేదు ఆయనకి, నేనేదో మర్చిపోయాననుకున్నాడు. పాపం వంటపనిలో ఉన్నాడు కుర్రాడు అని వాళ్ళతో అంటూ, తన సంచీలోంచి మిక్చర్ పొట్లం తీసి పేపరు మీద పోశాడు. సాఫ్ట్‌వేర్ అబ్బాయిల్లో ఒకడు లేచి సీసాలు సోఫా దగ్గరికి తెచ్చేశాడు. ఇంకొకడు సోడా ఉందా బ్రదర్ అన్నాడు. నేను పులుసు వెచ్చబెట్టి వచ్చేసరికి రీస్లింగ్‌లో ఐసు ముక్కలు తేలుతున్నాయి.

"పుల్లగా ఉందోయ్, నిమ్మకాయ సోడాలాగా," అన్నాడు అంకుల్. "బానే ఉంది. కిక్కే లేదు."

అక్కడ నిలబడి నేను పలకరాయి గురించి చెప్పాను. ఇది అన్నంతో తాగాలి అంకుల్, కొంచెం ఉంచండి అన్నాను. ఆయన నా భుజం తట్టి, ఉంచుతాంలే అని గ్లాసు ముందుకి చాపాడు. వాళ్ళు నన్నేం వెక్కిరించలేదు. నేను పోసిందే తాగుతున్నారు, సంతోషంగా తాగుతున్నారు. అందుకే ఆ గ్లాసు నింపాను. మావాళ్ళు ఎప్పుడూ ఇలాగే తాగుతారు. మా నాన్న ఇలాగే తాగేవాడు. మందు ముందు, అన్నం తరవాత. అన్నం పెట్టేద్దామా అని ఎవరో అనగానే గ్లాసులు లేచిపోతాయి. ఆ రెండూ ఒక బల్ల మీద కలవవు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న ఈ సంగతి నాకు తెలియకనా? తెలుసు. పుస్తకాలు చదువుతున్నంతసేపూ గుర్తురాలేదు, అంతే.

ఫ్రిజ్‌లో కూరగాయల అరలో సొరకాయ వెనక ఒక సీసా దాచి ఉంచాను. అది ఆంటీ కోసం.

అందరూ భోజనాలకి లేచారు. మగవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చారు. షాపు ఆంటీని నా పక్కన కూర్చోబెట్టాను. అన్నం వడ్డించాక, పులుసు పోశాక, ఆ చివరి సీసా తెరిచి అంకుల్ గ్లాసు వైపు వంచాను. ఆయన ఎడంచెయ్యి గ్లాసు మీద మూతలా పెట్టేశాడు.

"అన్నంలో చెయ్యి పెట్టాక మందేంటి అబ్బాయ్," అన్నాడు.

మిగతా ఇద్దరి వైపు చూశాను. ఒకడు తల అడ్డంగా ఊపాడు. ఇంకొకడి కుడిచెయ్యి అప్పటికే పులుసన్నంలో ఉంది. ఆడవాళ్ళ వైపు సీసా తిప్పే ధైర్యం నాకు లేదు.

"ఏమన్నాడు?" అంది షాపు ఆంటీ.

ఉన్నదున్నట్టు చెప్పాను. మావాళ్ళు భోజనం మొదలుపెట్టాక తాగరు అన్నాను. చెప్తూ ఉంటే ఆ వాక్యం ఎంత పొట్టిదో తెలిసింది. నేను మోసుకొచ్చిన పుస్తకాలన్నిటికీ అది సరిపోయింది.

ఆంటీ చెంచా కింద పెట్టింది. "నువ్వు?" అంది. "నువ్వు తాగుతావా అన్నంతో?"

బల్ల చుట్టూ అందరికీ ఆ ఇంగ్లీషు అర్థమైంది. నేను నా కంచం చూసుకున్నాను. ఇన్ని నెలల్లో బిస్కెట్టుతో తాగాను, చీజ్‌తో తాగాను. చేపల పులుసుతో ఎలా ఉంటుందో గంటలకొద్దీ మాట్లాడగలను. అన్నం కలిపిన చేత్తో కూర్చుని ఒక్కసారి కూడా తాగలేదు. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్న మధ్యాహ్నాలు ఎన్నో ఉన్నాయి, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. అయినా చెయ్యాలని తోచలేదు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నట్టే ఎడంచేత్తో కాడ గ్లాసు తీసుకున్నాను. అందరూ తినడం ఆపారు. తాగాను.

రెండు పులుపులూ కొట్టుకుంటాయేమోనని లోపల భయం ఉండేది. కొట్టుకోలేదు. చింతపండు ముందు నిలబడింది, వైన్ దాని వెనక మెత్తబడింది, అంతవరకూ అందులో కనబడని పండు రుచి అప్పుడు బయటికొచ్చింది. చేప నూనె నాలుక మీంచి జారిపోయింది. మెంతుల చిరుచేదు మాత్రం మిగిలింది. నాకు వెంటనే ఇంకో ముద్ద కలుపుకోవాలనిపించింది. పుస్తకంలో రాసింది నిజం. అయితే ఆ నిజం తెలిసింది ఆ బల్ల దగ్గర నాకొక్కడికే.

"రేపు పెరుగన్నంలోక్కూడా పోసుకుంటావేంటోయ్," అన్నాడు అంకుల్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వడం నాకు అలవాటే.

అప్పుడు నా భార్య చెయ్యి చాపింది. నా చేతిలోని గ్లాసు తీసుకుంది. నా ఎంగిలి గ్లాసే. పెద్దవాళ్ళ ముందు నన్ను మీరు అనే మనిషి, పెద్దాయన ఎదురుగా, ఎడంచేత్తో ఆ గ్లాసెత్తి ఒక గుక్క తాగింది. తరవాత పులుసన్నం ఒక ముద్ద తిని, మళ్ళీ ఒక గుక్క తాగింది.

అంకుల్ గారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎలా ఉందే?" అంది.

"పులుసు ఇంకా బాగుంది," అంది నా భార్య. "మీరు ఇంకో గ్లాసు తెచ్చుకోండి, ఇది నాది," అంది నాతో.

అంకుల్ బీరకాయ కూర వడ్డించమన్నాడు. షాపు ఆంటీ మాత్రం ఏ గొడవా లేకుండా చెంచాతో పులుసన్నం తింటూ, ఒక్కో గుక్క తాగుతూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుంటూ భోజనం ముగించింది. పెరుగు దగ్గర ఆపింది. దీనికి వద్దులే అంది.

లిఫ్టు దాకా దిగబెట్టడానికి వెళ్తే ఆమె నా మోచెయ్యి పట్టుకుని, నువ్వు చెప్పింది కరెక్టే, నేను ముప్ఫై ఏళ్ళలో ఇలాంటిది తినలేదు అంది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఆలోచించి చెప్తానంది. తలుపులు మూసుకున్నాయి.

తరవాతి వారం గ్లాసులు తుడిచి, పేపర్లో చుట్టి, తిరిగివ్వడానికి వెళ్ళాను. కౌంటరు అవతల ఆంటీ పక్కన కొత్త మనిషి ఉన్నాడు, నడుముకి బెల్టు కట్టుకుని పెట్టెలు సర్దుతున్నాడు. ఆమె చెప్పాల్సిన పని లేదు గానీ, చెప్పింది.

"నీ నాలుక మంచిదే. కానీ మీవాళ్ళు మకాన్ మొదలవ్వగానే, అన్నం ముందుకి రాగానే, గ్లాసు దించేస్తారు. మీ ఇంట్లో ఇద్దరి కోసం నేను షాపు నడపలేను కదా లా."

నిజమే అన్నాను. మిక్చర్‌తో బాగానే తాగారు కదా అని కూడా అన్నాను. ఉప్పు, నూనె, కరకరలాడేది, వాటికీ ఇది బాగుంటుంది, అన్నానికి ముందు తాగేవాళ్ళకి అలాగే అమ్మొచ్చు. ఇదేం కొత్త జ్ఞానం కాదు, ఎదుటి హాకర్ చేప తిన్నరోజే తెలిసింది. అప్పుడు నాకు పులుసు తప్ప ఇంకేం కనబడలేదు. ఆంటీ ఒక అట్టముక్క, పెన్ను కౌంటరు మీదినుంచి నా వైపు తోసింది. తెలుగులో రాసివ్వమంది. రాశాను. వేరుశెనగలు, చేప వేపుడు, కోడి పకోడీ. చివర్లో ఆగి, చేపల పులుసన్నం అని కూడా రాశాను. ఆమెకి చదవడం రాదు కాబట్టి అభ్యంతరం చెప్పలేదు. అట్టని ఆకుపచ్చ సీసాల ముందు నిలబెట్టింది.

ఆ అట్ట ఇప్పటికీ అక్కడే ఉంది. నేనూ ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. రైలు చివరి స్టేషన్ దాకా పోవడం మాత్రం మానేశాను. ఇంట్లో ఆదివారాలు పులుసు వండినప్పుడు నా భార్య రెండు గ్లాసులు పెడుతుంది. మా కిటికీ ఎదురుగా అవే గెడలు, అవే బట్టలు. ఆమె ఉద్యోగం పొడిగించారు, నా కార్డు గడువు కూడా దానితోపాటే పెరిగింది.

మొన్న షాపుకి వెళ్ళినప్పుడు కొత్త మనిషి భుజం మీద పెట్టె పెట్టుకుని వీధిలోంచి వచ్చాడు. ఎక్స్‌క్యూజ్ మీ అంకుల్ అన్నాడు. నేను పక్కకి జరిగాను. అతను చెక్క ఎత్తుకుని లోపలికి పోయాడు. అదే సమయానికి మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకున్న తెలుగు కుర్రాడొకడు అట్ట ముందు ఆగి చదువుతూ నవ్వుకుంటున్నాడు. ఆంటీని ఏదో అడిగాడు. ఆమె గడ్డంతో నన్ను చూపించింది.

"ఇది మీరు రాశారా అన్నా?" అన్నాడు కుర్రాడు. "చేపల పులుసన్నం అని పెట్టారేంటి? అన్నంతో ఎవరు తాగుతారు?"

"మా ఇంట్లో తాగుతాం," అన్నాను, కౌంటరు ఇవతలే నిలబడి.